ఉమ్మడి తొట్టిలో సిక్లిడ్ సంసారం

గాజు తొట్టిలో చేపలను పెంచే అలవాటు మన పట్టణాలలో మధ్యతరగతి ఇండ్ల ముందు గదుల వరకు వచ్చినది. ఒక జాతి చేపలనే కాక, నాలుగైదు జాతులను కలిపి ఒకే నీటిలో ఉంచే ఏర్పాటును మేము ఉమ్మడి తొట్టి అని వ్యవహరిస్తున్నాము. గప్పీలు, మాలీలు, టెట్రాలు, బార్బులు సాధారణంగా ఇందులో నివసించే కుటుంబాలు. కొంత అనుభవం గడించిన తరువాత పెంపకందారుని చూపు ఇంకొంచెం విశేషమైన చేపల మీదికి పోవడం సహజం. అప్పుడు ఆయన అడిగే ప్రశ్న ఒకటే: "అంగళ్ళలో తరచుగా కనిపించని సిక్లిడ్ జాతి చేపను మా ఉమ్మడి తొట్టిలో వదలవచ్చునా?" ఈ ప్రశ్నకు మేము ఇచ్చే సమాధానం వదలవచ్చుననే. అయితే ఉన్న ఇంటికి చేపను తెచ్చుకోవడం కాక, రాబోయే చేపకు తగినట్లు ముందుగా ఇంటిని సవరించుకోవలసి ఉంటుంది. ఈ వరుసను తలక్రిందులు చేసి మేము నష్టపోయిన వైనాన్ని కూడా ఇక్కడ దాచకుండా చెప్పదలచినాము.

సిక్లిడ్ అన్న పేరు క్రొత్తగా వినిపించినా, ఆ వంశపు చేపను చూడనివారు అరుదు. త్రికోణాకారంలో నిలువు చారలతో తేలియాడే ఏంజెల్ చేప సిక్లిడ్ జాతిదే. యజమానిని గుర్తించి చేతి దగ్గరకు వచ్చే ఆస్కార్ కూడ సిక్లిడ్. శాస్త్రజ్ఞులు ఇంతవరకు 1,700కు పైగా జాతులను వర్ణించి పేర్లు పెట్టినారు. ఆఫ్రికాలోను, మధ్య, దక్షిణ అమెరికాలలోను ఇవి విస్తారంగా ఉన్నవి. ఒక్క టాంగన్యికా సరస్సులోనే సుమారు 240 జాతులు ఉన్నవి. చాల చేపలకు ముక్కుకు ఒక్కొక్క ప్రక్క రెండేసి రంధ్రాలు ఉండగా, సిక్లిడ్‌కు ఒక్కొక్కటే ఉంటుంది. నోటిలోని దవడలు కాక గొంతులో మరొక జత దవడలు ఉంటవి. ఆహారాన్ని నలిపే పని గొంతు దవడలు చూచుకొనడం వలన, నోటి దవడలు వేరే పనులకు, అనగా పాచి గీకుటకు, నత్తలను లాగుటకు, ఇసుకను జల్లెడ పట్టుటకు అనువుగా మారినవి. ఇన్ని జాతులుగా విస్తరించడానికి ఇది ఒక ముఖ్య కారణమని చెబుతారు.

వీటన్నిటికంటె ఇంటి పెంపకందారునికి పనికివచ్చే లక్షణం వేరొకటి ఉన్నది. చేపలలో అధిక భాగం గుడ్లు చల్లి తమ దారిన తాము పోతవి. సిక్లిడ్ అట్లా పోదు. గుడ్లను కాపాడుతుంది, పిల్లలను వెంట త్రిప్పుకొంటుంది, వాటి జోలికి వచ్చినవానిని తరుముతుంది. ఈ చేప అందచందాలన్నీ ఇందులోనే ఉన్నవి. దానితో వచ్చే తగవులన్నిటికి మూలం కూడ ఇదే.

మన దేశంలో స్వతస్సిద్ధంగా ఉన్న సిక్లిడ్ జాతులు మూడే మూడు. వీటికి అతి దగ్గర చుట్టాలు ఆఫ్రికా ప్రధాన భూభాగంలో కాక మడగాస్కర్ ద్వీపంలో ఉండడం విశేషం. ఈ మూడింటిలో చిన్నది, ఇంటి తొట్టికి తగినది, నారింజ క్రోమైడ్. దక్షిణ భారత తీరంలోను, శ్రీలంకలోను, ఏరు సముద్రంలో కలిసే చోట్ల, ఉప్పుటేళ్ళలో, కయ్యలలో ఇది నివసిస్తుంది. మలయాళులు దీనిని పల్లత్తి అంటారు. బ్లాఖ్ అనే జర్మను శాస్త్రజ్ఞుడు 1795లో దీనిని వర్ణించినాడు. బిళ్ళ వలె గుండ్రని శరీరం, ప్రక్కన నడిమి భాగంలో నల్లని మచ్చ, పొలుసుల వరుసల మీద నారింజ రంగు చుక్కలు దీని ఆనవాళ్ళు. పొడవు 8 సెంటీమీటర్లకు మించదు. పసుపు రంగులో మెరిసే రకం తొట్టెలలో ఎన్నిక చేసి పెంచినది. ఏటిలో దొరికేది ఇంకొంచెం ఆకుపచ్చ కలిసిన మట్టి రంగులో ఉంటుంది. అమెరికా నుండి, ఆఫ్రికా నుండి వచ్చిన సిక్లిడ్‌లు అంగళ్ళ నిండ ఉండగా, మన తీరంలో పుట్టిన ఈ చేప కొరకు మాత్రం నాలుగు అంగళ్ళు తిరగవలసి రావడం మాకు కొంత కష్టంగానే తోస్తున్నది.

మా అనుభవం ఈ చేపతోనే మొదలైనది. కొన్ని సంవత్సరాల క్రిందట ఒక అంగడిలో, కలగాపులగంగా ఉంచిన చేపల మధ్య, పేరు చెప్పకుండా అమ్ముతున్న రెండు పసుపు పచ్చని చేపలు మా కంటబడినవి. అప్పటికి మా ఇంట 100 లీటర్ల తొట్టి ఉన్నది. అందులో పది నియాన్ టెట్రాలు, కొన్ని గప్పీలు ఉన్నవి. అవి ఏ జాతి చేపలో, ఏ నీటిలో బ్రతుకుతవో విచారించకుండానే తెచ్చి వదిలినాము. రెండు నెలలు ఏ గొడవ లేదు. తరువాత ఒక వారంలో తొట్టి స్వరూపమే మారిపోయినది. ఆ రెండు చేపలు మూలనున్న మట్టిముంత చుట్టు ప్రదేశాన్ని ఆక్రమించినవి. టెట్రాలు అన్నీ ఫిల్టరు వెనుక ఇరుకు సందులో గుంపుగా చేరి, తిండికి కూడ బయటికి రాలేదు. వచ్చిన దానికి రెక్కలు చినిగినవి. నాలుగు రోజులలో ఆరు టెట్రాలు చచ్చిపోయినవి.

మేము ఆ జంటను దుష్టజాతి అని నిశ్చయించి, అంగడివానికి తిరిగి ఇచ్చివేయడానికి ప్లాస్టిక్ సంచి కూడ సిద్ధం చేసినాము. మా తల్లిగారు తొట్టి ముందు కూర్చుండి చాలసేపు చూచి, "పిల్లల కోడి గద్ద మీదికైనా ఎగురుతుంది కదా నాయనా! దీన్ని మాత్రం దుష్టురాలంటావేం? ఆ ముంత లోపల ఏముందో చూశావా?" అన్నారు. దీపం పెట్టి చూస్తే ముంత లోపలి గోడకు ఆవగింజల కంటె చిన్నవైన గుడ్లు, సన్నని కాడలతో అంటుకొని, వందకు పైగా ఉన్నవి. ఒక చేప వాటి ఎదుట నిలిచి రెక్కలతో నీటిని విసురుతున్నది. రెండవది ముంత బయట కాపలా ఉన్నది. కొంతసేపటికి అవి పనులు మార్చుకొన్నవి.

సంచి అవతల పెట్టినాము. మిగిలిన టెట్రాలను, గప్పీలను వేరొక పాత్రకు మార్చినాము. ఆరు టెట్రాల చావుకు బాధ్యత చేపది కాదు, మాది. మృదువైన, ఆమ్లగుణం గల నీటిలో బ్రతికే టెట్రాలను, కఠినజలం కోరే క్రోమైడ్‌తో ఒకే తొట్టిలో కూర్చినది మేము. పారిపోవడానికి చోటు లేని చిన్న తొట్టిలో కూర్చినది కూడ మేమే. ఏటిలో అయితే తరిమిన చేప రెండు బారల దూరం పోగానే తరిమేది వెనుదిరుగుతుంది. రెండున్నర అడుగుల గాజు గోడల మధ్య, ఓడినది ఎంత పారిపోయినా గెలిచినదాని కనుచూపులోనే ఉంటుంది. తగవు తీరే మార్గమే ఉండదు.

ఆ మొదటి సంతానం మాకు దక్కలేదు. నాలుగైదు రోజులకు గుడ్లు పొదిగి, ఇసుకలో తల్లిదండ్రులు త్రవ్విన చిన్న గుంటలో పిల్లలు తోకలాడిస్తూ కనిపించినవి. మరి కొన్ని రోజులకు ఈదసాగినవి. ఒక రాత్రి అలవాటు చొప్పున పడుకునే ముందు తొట్టి దీపం టక్కున ఆర్పివేసినాము. వెలుతురు ఒక్కసారిగా పోతే పిల్లలను కూడగట్టుకొనే వ్యవధి తల్లిదండ్రులకు ఉండదన్న సంగతి మాకు అప్పుడు తోచలేదు. తెల్లవారి చూస్తే ఒక్క పిల్ల లేదు. చెదిరిన పిల్లలను ఫిల్టరు లాగివేసినదో, కంగారుపడిన తల్లిదండ్రులే మ్రింగినవో చెప్పలేము. మూడు రోజులు ఆ జంట ఆ గుంటనే త్రవ్వుతూ ఉండడం చూడలేక, ఆ వైపు కుర్చీ వేసుకొనడం మానుకొన్నాము.

రెండవ సారి నాలుగు అడుగుల తొట్టిలో అవి మళ్ళీ గుడ్లు పెట్టినప్పుడు, ముందుగా గది దీపం ఉంచి తొట్టి దీపం ఆర్పి, అరగంట తరువాత గది దీపం ఆర్పినాము. ఫిల్టరు నోటికి స్పాంజి తొడిగినాము. చీకటి పడుతుండగా తల్లిదండ్రులు పిల్లలను గుంట దగ్గరకు చేర్చుకొనడం అప్పుడు చూచినాము. క్రోమైడ్ పొట్ట క్రింది రెక్కలు నల్లగా ఉంటవి. అవి చటుక్కున విచ్చుకొని మూసుకొన్నప్పుడల్లా పిల్లల గుంపు దగ్గరకు జరుగుతుంది. ఇది పిల్లలను పిలిచే సంజ్ఞ అని పరిశోధకులు నిరూపించినారు.

ఇంతకంటె ఆశ్చర్యకరమైన విషయం పిల్లల ఆహారం. ఈదడం మొదలైన తరువాత పిల్లలు మాటిమాటికి వచ్చి తల్లిదండ్రుల ప్రక్కలకు తగిలి పోతూ ఉంటవి. మొదట మేము దానిని ఆట అనుకొన్నాము. అవి పెద్ద చేపల ఒంటిమీది జిగురును తింటున్నవి. వార్డ్, బార్లో అనే శాస్త్రజ్ఞులు 1967లో ఈ అలవాటును గురించి విపులంగా వ్రాసినారు. జంతువులు చన్నుపాలిచ్చినట్లు, చేప తన చర్మపు జిగురుతో పిల్లలను పోషించడం అన్నమాట. అది ఒక్కటే చాలదు కనుక, ఆర్టీమియా అనే సూక్ష్మమైన రొయ్య జాతి గుడ్లను ఉప్పునీటిలో పొదిగించి, పుట్టిన పురుగులను రోజుకు మూడు నాలుగు పర్యాయాలు కొద్దికొద్దిగా వేయవలసి ఉంటుంది. పిల్లలను త్వరగా వేరు చేస్తే బాగా పెరుగుతవని కొందరు అంటారు. మేము వేరు చేయలేదు. చూడవలసిన దృశ్యమే అది అయినప్పుడు, దానిని తీసివేసి పిల్లల సంఖ్య పెంచుకొని ఏమి ప్రయోజనం?

ఇక నీటి సంగతి. నారింజ క్రోమైడ్ మంచినీటిలో బ్రతకదనడం పొరపాటు. మంచినీటిలోను, కొద్దిపాటి ఉప్పునీటిలోను ఇది హాయిగా ఉంటుంది. దీనికి సరిపడనిది ఆమ్లగుణం గల మెత్తని నీరు, మురికి నీరు. అటువంటి నీటిలో తోక మీద, రెక్కల అంచుల మీద దూది వంటి బూజు పట్టుతుంది. మా ఇంట మొదటి జంటకు బూజు పట్టినది. నీరు శుభ్రంగా ఉండాలని, ఇంటి మంచినీటి యంత్రం నుండి వచ్చిన లవణరహితమైన నీటినే తొట్టిలో నింపడం అందుకు కారణం. మనుషులకు మేలైన నీరు అన్ని చేపలకు మేలు కాదు. గిన్నెల అడుగున తెల్లని పెచ్చు కట్టే బోరు నీరు, మన ఇండ్లలో అందరు విసుగుకొనే కఠినజలం, ఈ చేపకు వరం వంటిది. కుళాయి నీరయితే అందులోని క్లోరిన్‌ను తీసివేయు మందు వేసి వాడవలెను.

ఉప్పు వేయదలచినవారు లీటరుకు 2 నుండి 3 గ్రాముల వరకు వేయవచ్చు. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాములు ఉంటుంది కనుక ఇది చాల స్వల్పం. వంట ఉప్పు కంటె, చేపల అంగళ్ళలో దొరికే సముద్ర లవణం మేలు. ఇక్కడ చాలమంది ఒక లెక్క తప్పుతారు. వేసవిలో తొట్టి నీరు ఆవిరి అయి తగ్గుతుంది. ఆవిరి అయ్యేది నీరే, ఉప్పు తొట్టిలోనే మిగులుతుంది. కనుక తగ్గిన నీటిని ఉప్పు లేని నీటితో నింపవలెను. అడుగు మురికి తీసి నీరు మార్చినప్పుడు మాత్రం, తీసిన నీటితో ఉప్పు కూడ పోయినది కనుక, క్రొత్త నీటికి ఆ మేరకు ఉప్పు కలపవలెను. 200 లీటర్ల తొట్టిలో లీటరుకు 3 గ్రాముల చొప్పున 600 గ్రాములు పట్టినవనుకొనండి. 40 లీటర్లు మార్చినప్పుడు 120 గ్రాములు చాలును. ఉప్పు పెరిగితే నీటి మొక్కలు చాలవరకు నశిస్తవి. మొక్కల మీద మక్కువ గలవారు ఉప్పు మాని కఠినజలంతోనే తృప్తిపడడం మంచిది.

తొట్టి కొలతలలో పిసినారితనం పనికిరాదు. నాలుగు అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు గల తొట్టిలో సుమారు 240 లీటర్లు పట్టుతుంది. నీటి బరువే 240 కిలోలు. గాజు, ఇసుక, బల్ల కలిసి 300 కిలోలు దాటుతుంది. మేడ మీద గదులలో ఉంచేవారు గోడ వారగా, దూలం ఉన్న చోట ఉంచవలెను. తొట్టి నింపిన నాడే చేపలను వదలరాదు. చేపలు విసర్జించే అమ్మోనియా విషం. దానిని నైట్రైట్‌గాను, దానిని మరల అంతగా హాని చేయని నైట్రేట్‌గాను మార్చే బాక్టీరియాలు ఫిల్టరులో స్థిరపడడానికి నాలుగు నుండి ఆరు వారాలు పట్టుతుంది. ఈ నెల రోజులు ఉగ్గబట్టుకొనలేకనే తొలి తొట్టెలు అనేకం మూలబడుతున్నవి.

జంటను ఎన్నుకొనడం కూడ మన చేతిలో లేదు. క్రోమైడ్‌లలో ఆడ మగ ఒకే విధంగా ఉంటవి. ఆరు చిన్న చేపలను తెచ్చి పెంచితే వాటిలో అవే జతకట్టుతవి. తొట్టి నడుమ రాళ్ళు, కుండ పెంకులు, ఎండు వేళ్ళు పేర్చి, ఒక కొసనుండి మరొక కొస కనబడకుండా చేయవలెను. కనబడనిదానిని చేప తరమదు. ఎన్నడైనా క్రొత్త చేపను వదలవలసి వస్తే, ముందు రాళ్ళ అమరికను మార్చి వదలడం ఒక చక్కని ఉపాయం. పాత హద్దులన్నీ చెరిగిపోయి, అన్ని చేపలు కలిసి క్రొత్తగా ఇల్లు వెదుక్కొంటవి. ఇంటివాడు, అద్దెకు వచ్చినవాడు అన్న భేదం ఆ పూటకు ఉండదు.

పొరుగువారిగా నీటి పై భాగంలో చురుకుగా తిరిగేవి తగినవి. కొద్దిగా ఉప్పు గల నీటిలో మాలీలు బాగుంటవి. ఒళ్ళంతా పారదర్శకమై వెన్నెముక కనిపించే మన దేశపు గాజు చేప కూడ ఈ నీటిలో ఇముడుతుంది. అయితే పూర్వం కొందరు వ్యాపారులు ఈ గాజు చేపకు సూదితో రంగులెక్కించి అమ్మినారు. అటువంటి క్రూరపు పని చేసిన చేప ఎక్కడ కనిపించినా కొనవద్దని మా మనవి. మంచినీటి తొట్టిలో అయితే రోజీ బార్బ్ వంటి గట్టి చేపలు సరిపోతవి. పొడుగు రెక్కల గప్పీలను, మెల్లగా కదిలే చేపలను చేర్చవద్దు. పైన చేపలు నిర్భయంగా తిరగడం చూచి, బిడియం గల సిక్లిడ్ కూడ ధైర్యంగా బయటికి వస్తుంది.

మన వేసవిని గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేము. నీరు వేడెక్కిన కొద్దీ అందులో కరిగే ప్రాణవాయువు తగ్గుతుంది. 20 డిగ్రీల వద్ద లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాములు ఇముడుతుండగా, 30 డిగ్రీల వద్ద ఏడున్నరకు దిగుతుంది. మే నెలలో విద్యుత్తు ఆగి, ఫిల్టరు ఆగితే, క్రిక్కిరిసిన తొట్టి రెండు గంటలలోనే ప్రమాదంలో పడవచ్చు. బ్యాటరీతో నడిచే చిన్న గాలి పంపు ఇంట ఉంచుకొనవలెను. మూత తీసి, నీటి మట్టం మీద పంకా గాలి తగిలేటట్లు చేస్తే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది.

విదేశీ జాతులలో ఇంతగా ప్రచారం లేని మరి కొన్నింటిని కూడ స్మరించవచ్చు. టాంగన్యికా సరస్సు అడుగున ఖాళీ నత్తగుల్లలలో కాపురముండే చిన్న సిక్లిడ్‌లు ఉన్నవి. వాటిలో ఒక జాతి పెద్దదైనా 5 సెంటీమీటర్లు మించదు. ఇసుక త్రవ్వి గుల్లను పాతిపెట్టి, తల మాత్రం బయటపెట్టి కూర్చుంటుంది. కఠినమైన క్షారజలం దీనికి అవసరం కనుక బోరు నీటి ఊళ్ళవారికి ఇది అనుకూలం. పశ్చిమాఫ్రికా ఏళ్ళనుండి వచ్చిన క్రిబెన్సిస్ గుహ వంటి చోట గుడ్లు పెడుతుంది. నీరు ఆమ్లగుణం కలదైతే దీని సంతానంలో మగవి ఎక్కువగా పుట్టుతవని పరిశోధనలలో తేలినది. అమెజాన్ ప్రాంతపు అపిస్టోగ్రామాలు చూడ ముచ్చటైనవే కాని, వాటికి మెత్తని నీరు కావలెను. పైన మేము పనికిరాదన్న లవణరహితపు నీరు అక్కడ పనికివస్తుంది. ఈ మూడింటిని ఒకే తొట్టిలో కూర్చవచ్చునా అని ఎవరైనా అడిగితే, నీరు ఒక్కటే అయినప్పుడు ముగ్గురిలో ఎవరో ఒకరు బాధపడక తప్పదని సమాధానం.

మన దేశపు మిగిలిన రెండు సిక్లిడ్‌ల మాట చెప్పవలసి ఉన్నది. ఆకుపచ్చ క్రోమైడ్‌ను కేరళలో కరిమీన్ అంటారు. 2010లో ఆ రాష్ట్రం దానిని రాష్ట్ర చేపగా ప్రకటించినది. మన పులికాట్ సరస్సులోను, ఒడిశాలోని చిలికా సరస్సులోను కూడ అది ఉన్నది. అంగడిలో అరచేతి కంటె చిన్నదిగా కనిపించినా, 20 సెంటీమీటర్లకు సులభంగా పెరుగుతుంది, 40 వరకు పెరిగినవి ఉన్నవి. పైగా నీటి మొక్కలను మేసివేస్తుంది. ఇంటి తొట్టికి తగదు. అయితే ఈ పెద్ద చేపకు, మన చిన్న నారింజ క్రోమైడ్‌కు గల బాంధవ్యం వినదగినది. చిన్నది పెద్దదాని రెక్కల మీది బూజును, పరాన్నజీవులను తిని శుభ్రపరుస్తుందని 1972లో ఇద్దరు శాస్త్రజ్ఞులు ప్రకటించినారు. అదే చిన్నది సందు దొరికితే పెద్దదాని గుడ్లను, పిల్లలను కూడ తింటుంది. బంధువులలో ఇటువంటి వరస మనకు తెలియనిది కాదు.

మూడవది కెనరా క్రోమైడ్. ఫ్రాన్సిస్ డే 1877లో వర్ణించిన ఈ చేప, కర్ణాటక దక్షిణ భాగంలో నేత్రావతి మొదలైన కొద్దిపాటి నదులలోనే ఉన్నది. పూర్తిగా మంచినీటి చేప. గుంపుగా తిరుగుతుంది. నల్లని చారల మీద ముత్యాల వంటి చుక్కలతో, మూడింటిలోను అందమైనది ఇదే. ఒకసారి ఒక వర్తకుడు ఆరు కెనరా చేపలు వచ్చినవని కబురు చేసినాడు. వెళ్ళి చూచినాము. సన్నని ఎండ పడుతున్న తొట్టిలో అవి ఒకే వరుసగా నిలిచి ఉన్నవి. తొట్టిలో పుట్టినవా, ఏటిలో పట్టినవా అని అడిగినాము. ఏటివేనని చెప్పినాడు. దారిలో ఎన్ని చచ్చిపోయినవి అని అడిగితే నవ్వి ఊరకున్నాడు. వెల మాకు అందనిది కాదు, నాలుగు అడుగుల తొట్టి కూడ సిద్ధంగా ఉన్నది. అయినా తీసుకొనక తిరిగి వచ్చినాము. ఆ రాత్రి కొంత చింతించిన మాట నిజమే.

అరుదు అన్న మాటకు రెండు అర్థాలు ఉన్నవి. అంగడిలో అరుదైన చేప ఒకటి, ఏటిలో అరుదైన చేప మరొకటి. పల్లత్తి అంగడిలోనే అరుదు. కెనరా చేప ఏటిలోనే కొద్ది చోట్ల ఉన్నది. విక్టోరియా సరస్సులో 1950ల దశాబ్దంలో నైలు పెర్చ్ అనే పెద్ద చేపను ప్రవేశపెట్టిన తరువాత, 1980ల నాటికి అక్కడి చిన్న సిక్లిడ్‌లు ఎన్నో కనుమరుగైనవి. వాటిలో కొన్ని తొట్టెలలో పెంచిన సంతతి వలననే నేటికి మిగిలినవి. కనుక ఇంటి తొట్టి అరుదైన జాతికి ఆశ్రయం కాగలదు. కాని అది తొట్టిలో పుట్టిన చేపను తెచ్చి, మళ్ళీ పిల్లలను పొదిగించి, ఇతరులకు పంచినప్పుడు మాత్రమే. ఏటినుండి తెచ్చి మూడు నెలలలో చంపుకొనేవాడు అంగడివాని లెక్కలో ఒక పంక్తిగా తప్ప, ఆ జాతికి ఎక్కడను ఉపకరింపడు. తొట్టిలో పుట్టిన కెనరా చేపలు ఎన్నడైనా దొరికితే, మేమే ముందుగా వరుసలో నిలుస్తాము.

పిల్లలు పెరిగిన తరువాత ఏమి చేయాలన్న ప్రశ్న తప్పక వస్తుంది. మా తొట్టిలో రెండవ కాన్పున నలభై దాక దక్కినవి. మా వీధి చెరువులో వదిలితే పుణ్యమని ఒక మిత్రుడు సలహా ఇచ్చినారు. మన దేశంలో 1952లో ప్రవేశపెట్టిన తిలాపియా కూడ సిక్లిడ్ జాతిదేనని, అది దక్షిణ దేశపు చెరువులలో, జలాశయాలలో ఎంతగా అల్లుకొని దేశీయ చేపలకు పోటీగా నిలిచినదో ఆయనకు గుర్తు చేసినాము. తొట్టిలోని చేపను, స్వదేశీ జాతిదైనా సరే, బయటి నీటిలో వదలరాదు. అది పుట్టని చెరువు దానికి పరాయిదే, దానితో వచ్చే రోగాలు ఆ చెరువుకు పరాయివే. చేప చిన్నదైనంత మాత్రాన చెరువుకు చేసే చేటు చిన్నది కాదు.

అందుచేత ఆ నలభై పిల్లలను కఠినజలం, మూడు అడుగులకు తగ్గని తొట్టి ఉన్నవారికి, ఆరేసి చొప్పున పంచినాము. తీసుకొనేవారి తొట్టిని ముందుగా వెళ్ళి చూచి వచ్చినందుకు ఒకరు, "పెండ్లిచూపులకు వచ్చినట్లున్నారే!" అని హాస్యమాడినారు. ఆరు పిల్లలను మా దగ్గరే ఉంచుకొన్నాము. పాత జంట ఇప్పటికీ ముంత దగ్గరనే ఉన్నది. గాజు తుడవడానికి చేయి ముంచితే, పిడికెడైనా లేని ఆ చేప ముంగురులు విదిల్చిన పొట్టేలు వలె రెక్కలు నిక్కించి, మణికట్టు మీదికి వచ్చి పొడుస్తున్నది. ముంత లోపల మళ్ళీ గుడ్లు పెట్టినదేమోనని దీపం తెచ్చి చూడవలసి ఉన్నది.